ఉద్యోగి పక్షమున మాట్లాడువాడెవడు?

ఖరగపూర్ రైల్వే పట్టణమున పూరీ గేట్ నెరుగని తెలుగు కుటుంబముండదు. ఆ స్థలమునకు ఒక ప్రక్క స్టేషను, కార్ఖానా, రైల్వే క్వార్టర్ల వరుసలు. రెండవ ప్రక్క హిజ్లీ. అచ్చట 1951లో వెలసిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. తరువాతి కాలమున పట్టాలమీదుగా వంతెన వచ్చినను జనుల నోట గేటు అను పేరే నిలిచినది. ఉదయమున ఒక దిక్కుగా ఫిట్టరు, గుమాస్తా, డ్రైవరు పనికి పోవుచుండగా, మరియొక దిక్కుగా ఇంజనీరు, ఆచార్యుడు పోవుదురు. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి రైలుదారి వెంబడి ఉత్తరమునకు వచ్చి, తరతరములుగా ఇచ్చట స్థిరపడిన తెలుగువారు ఈ రెండు దిక్కులను కలరు.

జీతములు, హోదాలు వేరైనను వీరందరికిని సమానమైన భయమొకటి కలదు. ఒకనాడు కవరులో చార్జిషీటు వచ్చును. ఇరువది యేండ్ల నౌకరీ, పింఛను, క్వార్టరు, పిల్లల చదువు, బంధువులలో పరువు – అన్నియు ఆ కాగితముమీద ఆధారపడును. అట్టి సమయమున నిందితుడైన ఉద్యోగి తనకు తానే చక్కగా మాట్లాడుకొనలేడు. కొందరికి భాష చాలదు. కొందరికి ధైర్యము చాలదు. అన్నియు నున్నవారికి కూడ తమ కష్టమును తామే చెప్పుకొనునపుడు మాట తడబడును. అతని పక్షమున మాట్లాడువాడెవడు? ఈ ప్రశ్నకు గడచిన నూరేండ్లలో వచ్చిన సమాధానముల చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము. ఆ చరిత్రలో ఖరగపూరునకు విశేషమైన స్థానము కలదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడిన కంపెనీ. ఆ కంపెనీ ఉద్యోగి ప్రభుత్వోద్యోగి కాడు. యజమానికిని సేవకునికిని నడుమనుండు ఒడంబడికయే అతనికి చట్టము. కంపెనీ నోటీసు నిచ్చి ఒడంబడికను ముగించినచో అతడు తిరిగి ఉద్యోగమును కోరి న్యాయస్థానము నెక్కుటకు ఆధారము కనబడదు. మహా అయిన నష్టపరిహారమును కోరవచ్చును. కావున ఆ కాలమున ఉద్యోగికి గల సాధనము అర్జీ యొక్కటే. ఇంగ్లీషు తెలిసిన వానిచేత అర్జీ వ్రాయించుట, పై అధికారి దయకొరకు వేచియుండుట – అంతకుమించి దారి లేదు. అర్జీ దయను కోరును గాని హక్కును చెప్పలేదు.

ఈ స్థితిని మార్చినవారిలో ముఖ్యుడు వరాహగిరి వేంకటగిరి. ఆయన 1894 ఆగస్టు 10న బరంపురమున జన్మించెను. తండ్రి జోగయ్య పంతులు పేరుగాంచిన న్యాయవాది. గిరి 1913లో డబ్లిను నగరమునకు పోయి న్యాయశాస్త్రమును చదివి, 1916లో బారిస్టరు పట్టముతో స్వదేశమునకు తిరిగివచ్చెను. ఐర్లండు స్వాతంత్ర్యోద్యమమును, అచ్చటి కార్మిక నాయకుల త్యాగమును కన్నులార చూచిన యువకుడాయన. బరంపురమున వకాలతు సాగించినచో ధనమునకు కొరత యుండెడిది కాదు. కాని ఆయన ఆ వృత్తిని విడిచి, రైల్వే కార్మికులను సంఘముగా కూర్చుటకు పూనుకొనెను. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికోద్యమమునకు ఖరగపూరే గుండెకాయ. అచ్చట తెలుగువారి సంఖ్య మిక్కుటమగుటచే గిరి మాట వారికి ఇంటి మాటవలె వినబడెను.

ఇచ్చట గమనింపదగిన సంగతి యొకటి కలదు. న్యాయస్థానమున వాదించు విద్య నేర్చినవాడు న్యాయస్థానమును వదలి కార్మికుల మధ్యకు వచ్చెను. అయినను వాదించుట మానలేదు. కక్షిదారు మారెను, వేదిక మారెను, అంతే. అర్జీ వ్రాయు గుమాస్తా స్థానమున చట్టమెరిగిన నాయకుడు నిలిచెను.

చట్టము కూడ ఆ కాలముననే ఇందులకు అనుకూలించెను. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టము 1927 జూను 1న అమలులోనికి వచ్చెను. రిజిస్టరైన సంఘము యొక్క కార్యవర్గమున సగమునకు తక్కువ కాకుండ ఆ పరిశ్రమలో పనిచేయువారే యుండవలెనని అది విధించెను. అనగా మిగిలినవారు బయటివారు కావచ్చును, న్యాయవాదులును కావచ్చును. అంతేకాక, యజమానితో గల సంబంధమునుండి పుట్టిన హక్కులను కాపాడుటకై సభ్యుని తరఫున వ్యాజ్యము నడుపుటకు సంఘనిధిని వెచ్చింపవచ్చునని కూడ ఆ చట్టము చెప్పెను. న్యాయవాది ఫీజు నిచ్చుకొనలేని కార్మికునికి నెలకు కొన్ని అణాల చందాయే వకాలతునామా అయ్యెను.

అదే 1927లో ఖరగపూరు రెండు పెద్ద పోరాటములను చూచెను. ఫిబ్రవరి, మార్చి నెలలలో సమ్మె జరిగెను. కార్ఖానాలో ఉద్యోగుల సంఖ్యను తగ్గింపబూనిన కారణమున సెప్టెంబరులో మొదలైన రెండవ సంఘర్షణ డిసెంబరు వరకును సాగెను. కూలి లేని దినములలో కుటుంబములు పడిన పాట్లు చెప్పనలవి కావు. ఆ పోరాటముల జయాపజయములను లెక్కించుటకంటె, అవి నేర్పిన పాఠమును గుర్తించుట ముఖ్యము. ఒక్కనిని పనినుండి తీసివేయుట ఆ యొక్కని గృహవిషయము కాదని, అందరును కలసి అడుగవలసిన విషయమని ఖరగపూరు ఆ యేడు నేర్చుకొనెను.

ఇది కంపెనీ రైల్వే కథ. ప్రభుత్వము నేరుగా నియమించిన ఉద్యోగుల స్థితి అంతకంటె మెరుగుగా నుండెనని తలచువారు కలరు. అది నిజము కాదు. చక్రవర్తి అనుగ్రహమున్నంత వరకే ప్రభుత్వోద్యోగము అనునది నాటి సూత్రము. నియమావళిలో విచారణ పద్ధతులు వ్రాయబడియున్నను, వాటిని ఉల్లంఘించినపుడు అడుగు హక్కు ఉద్యోగికి లేకుండెను. మదరాసు ప్రభుత్వ ముద్రణాలయమున పనిచేసి బర్తరఫైన ఒక ఉద్యోగి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయి పోరాడెను. వెంకటరావు వ్యాజ్యమని న్యాయశాస్త్రమున ప్రసిద్ధికెక్కిన ఆ వివాదమున, 1937 నాటి లా రిపోర్టులలో కనబడు తీర్పు ప్రకారము, విచారణ నియమములు పాటింపబడకపోయినను ఆ లోపమునకు సివిలు దావాలో పరిహారము లేదు. పై అధికారులకు అప్పీలు చేసికొనుటయే మార్గమని ప్రీవీ కౌన్సిలు చెప్పెను. సముద్రములు దాటి పోయినను, దారి తిరిగి అర్జీ వద్దకే వచ్చెను.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టము ఒక మెట్టు పైకెక్కించెను. బర్తరఫు చేయుటకు గాని హోదా తగ్గించుటకు గాని ముందు ఉద్యోగికి కారణము చూపుకొను సముచితావకాశము ఈయవలెనని అందలి 240వ సెక్షను శాసించెను. ఈ మాటకు బలమెంతయో తేల్చినది ఒక పెద్ద అధికారి వ్యాజ్యము. ఇండియన్ సివిల్ సర్వీసునుండి తొలగింపబడిన లాల్ అను అధికారి వ్యాజ్యమున 1948లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పుచు, సముచితావకాశము నీయని తొలగింపు చెల్లదనెను. కాని జీతపు బకాయిలకై దావా వేయు హక్కు ఆయనకు లేదనెను. ఉద్యోగమున్నట్లే, జీతము మాత్రము లేనట్లు! ఆ రెండవ లోపమును 1954లో సుప్రీంకోర్టు సవరించెను. బీహారుకు చెందిన అబ్దుల్ మజీద్ వ్యాజ్యమున, ప్రభుత్వోద్యోగి జీతపు బకాయిలకై దావా వేయవచ్చునని అది తీర్మానించెను.

ఇంతలో ఖరగపూరు స్థితియు మారెను. 1944 అక్టోబరు 1న బెంగాల్ నాగపూర్ రైల్వే నిర్వహణమును ప్రభుత్వము చేపట్టెను. 1952లో అది తూర్పు రైల్వేలో చేరి, 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వేగా వేరుపడెను. కంపెనీ సేవకుడు ప్రభుత్వోద్యోగి యయ్యెను. 1950లో రాజ్యాంగము అమలులోనికి రాగా 311వ అధికరణము వారికి రక్షయయ్యెను. అయినను రైల్వే కోడులో ఒక పాత నియమము మిగిలియుండెను. శాశ్వతోద్యోగిని కూడ, నేరమేమియు మోపకయే, నోటీసు నిచ్చి పంపివేయుటకు అది అధికార మిచ్చెను. ఈశాన్య సరిహద్దు రైల్వే ఉద్యోగియైన మోతీరామ్ డేకా వ్యాజ్యమున 1963 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నియమమును కొట్టివేసెను. అధికసంఖ్యాకుల తీర్పును వ్రాసినవారు గజేంద్రగడ్కరు. దానితో ఏకీభవించి వేరు తీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరమున పుట్టి, 1954లో ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావు. ఎక్కడో అస్సాము దిక్కున ఒక ఉద్యోగి తెచ్చిన వ్యాజ్యము, ఖరగపూరు క్వార్టర్లలోని ప్రతి శాశ్వతోద్యోగికిని ధైర్యమిచ్చెను.

హక్కు సిద్ధించినది. ఇక దానిని వినిపించువాడెవడు అను ప్రశ్న మిగిలినది. ఇచ్చటనే కార్మికుని దారియు, అధికారి దారియు వేరైనవి.

1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము కార్మికునికి లేబరు కోర్టును, ట్రిబ్యునలును చూపెను. యూనియను పదాధికారి అతని తరఫున నిలుచుటకు 36వ సెక్షను అనుమతించెను. న్యాయవాది మాత్రము ఎదుటి పక్షము సమ్మతించి, ట్రిబ్యునలు అనుమతించిన గాని ప్రవేశింపరాదనెను. ధనికుడైన యజమాని పెద్ద న్యాయవాదులను దింపి పేద కార్మికుని అణచివేయరాదను తలంపే దీనికి మూలము. కాని న్యాయవాదియే యూనియనునకో యజమానుల సంఘమునకో పదాధికారి యైనచో? ఒరిస్సాలోని పారాదీప్ పోర్టు ట్రస్టు వ్యాజ్యమున 1976లో సుప్రీంకోర్టు, అట్టివాడు న్యాయవాది యైనంత మాత్రమున అనర్హుడు కాడని చెప్పెను. ఆ వెసులుబాటు ఉభయ పక్షములకును వర్తించునది. బారిస్టరు పట్టమున్నను కార్మిక నాయకుడుగా మాట్లాడిన గిరి ఉదాహరణము ఖరగపూరువారికి అంతకు అర్ధశతాబ్దము ముందే తెలిసినదే.

అధికారికి ఆ వేదిక లేకుండెను. నిర్వహణాధికారములు గలవాడు ఆ చట్టము ప్రకారము కార్మికుడు కాకుండెను. పర్యవేక్షకుడు 1956 సవరణ మేరకు నెలకు 500 రూపాయలకు మించి జీతమందినచో కార్మికుడు కాకుండెను. ఆ హద్దు 1984లో 1,600 రూపాయలకును, 2010లో 10,000 రూపాయలకును పెరిగెను. అనగా ప్రమోషను వచ్చినపుడు ఇంటిలో మిఠాయి పంచుకొన్నవాడు, ఆనాడే తన రక్షలలో నొకదానిని పోగొట్టుకొన్నట్లు తెలిసికొనడు. ఉపాధ్యాయుడును ఆ చట్టము ప్రకారము కార్మికుడు కాడని 1988లో సుందరంబాళ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించెను. కావున పూరీ గేటుకు ఇటునున్న ఫిట్టరునకు యూనియను ఆఫీసు మెట్లు దగ్గర. అటునున్న ఆచార్యునికి హైకోర్టు మెట్లే గతి. పెద్ద ఉద్యోగమున్నవానికి అండ కూడ పెద్దదనుట లోకులు తలచునంత నిజము కాదు. కిందివారికి సంఖ్యాబలము కలదు. పైవానికి చట్టబలము తప్ప మరియొకటి లేదు. అందుచేతనే లాల్ వంటి అధికారుల పేర్లు సమ్మెల చరిత్రలో గాక లా రిపోర్టులలో కనబడును.

కాని ఉద్యోగి భవిష్యత్తు సాధారణముగా కోర్టులో గాక శాఖాపరమైన విచారణ గదిలోనే నిర్ణయమగును. అచ్చట సాక్ష్యము నమోదైన తరువాత హైకోర్టు కూడ సామాన్యముగా సాక్ష్యమును తిరిగి తూచదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును ఒక ఉద్యోగికిని నడిచిన శ్రీరామారావు వ్యాజ్యమున 1963లో సుప్రీంకోర్టు, ఇట్టి విషయములలో హైకోర్టు అప్పీలు కోర్టువలె వ్యవహరింపరాదని స్పష్టముగా చెప్పెను. కావున విచారణ గదిలో చెప్పని మాటను పిమ్మట ఎంత గొప్ప న్యాయవాది చెప్పినను ప్రయోజనము స్వల్పము.

ఆ గదిలో నిందితుని ప్రక్కన కూర్చుండుట కెవరికి అధికారము కలదు? నియమము లేనిచోట యూనియను ప్రతినిధిని కోరు హక్కు కూడ లేదని 1960లో కళింది వ్యాజ్యమున తీర్పు వచ్చెను. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1965 నాటి నియమావళిలోని 14వ నియమము, రైల్వే ఉద్యోగులకు 1968 నాటి నియమావళిలోని 9వ నియమము ఆ చోటును కల్పించినవి. ఉద్యోగి తోటి ప్రభుత్వోద్యోగి నొకనిని సహాయకునిగా తెచ్చుకొనవచ్చును. రైల్వేలో గజెటెడు కాని ఉద్యోగి గుర్తింపు పొందిన యూనియను పదాధికారిని కూడ తెచ్చుకొనవచ్చును. గజెటెడు అధికారికి ఈ రెండవ వెసులుబాటు లేదు. న్యాయవాదికి సామాన్యముగా ప్రవేశము లేదు. ఎదుట అభియోగమును నడుపు అధికారి న్యాయవాదియైనపుడు, లేక పరిస్థితులను బట్టి శిక్షాధికారి అనుమతించినపుడు మాత్రమే కేంద్రోద్యోగి న్యాయవాదిని పెట్టుకొనవచ్చునని 14వ నియమము చెప్పుచున్నది.

అనుమతి అను మాట దయకు మారుపేరు కారాదని రెండు తీర్పులు స్థాపించినవి. కొచ్చిన్ కస్టమ్స్ కలెక్టరు వ్యాజ్యమున, ఉద్యోగిపై అభియోగమును నడిపినది ప్రాసిక్యూషనులో ఆరితేరినవాడు. ఉద్యోగి న్యాయవాదిని కోరగా నిరాకరించిరి. 1972లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసెను. బొంబాయి పోర్టు ట్రస్టు వ్యాజ్యమున 1982లో మరల అదే సూత్రము వినబడెను: సంస్థ తరఫున న్యాయశాస్త్రమెరిగినవారు నిలిచి, ఉద్యోగిని మాత్రము ఒంటరిగా నిలుపుట న్యాయము కాదు. అందరికిని ఎల్లప్పుడును న్యాయవాది కావలెనని ఈ తీర్పులు చెప్పలేదు. త్రాసులో ఒక తట్టలో వేసిన బరువునకు సరితూగునది రెండవ తట్టలోను ఉండవలెనని మాత్రమే చెప్పినవి.

న్యాయవాదికి తలుపు పూర్తిగా తెరువకపోవుటకు కారణములు లేకపోలేదు. విచారణలు ఏండ్ల తరబడి సాగును, ఫీజులు భారమగును, ఆఫీసు గది కోర్టుగా మారును. గిరి కూడ వివాదములు కోర్టు వాకిళ్లలో గాక ఉభయ పక్షముల సంప్రదింపులలో పరిష్కారము కావలెనని జీవితాంతము బోధించెను. 1952లో కేంద్ర కార్మిక మంత్రియైన ఆయన, బ్యాంకు ఉద్యోగుల విషయమున ట్రిబ్యునలు తీర్పును ప్రభుత్వము మార్చుటను అంగీకరింపలేక 1954లో పదవిని త్యజించెను. తీర్పులకంటె రాజీయే మేలని నమ్మినవాడే, ఒకసారి వచ్చిన తీర్పు గౌరవముకొరకు మంత్రిపదవిని వదలుకొనెను. 1969లో రాష్ట్రపతి పదవి నధిష్ఠించినవాడు ఖరగపూరు కార్మికుల గిరియే.

ఈ చరిత్రలో వెలుగుతో పాటు నీడయు కలదు. విచారణ జరుపుట సాధ్యము కాదని అధికారి కారణములను వ్రాసినచో, విచారణ లేకయే తొలగింపవచ్చునని రాజ్యాంగమే ఒక మినహాయింపు నిచ్చుచున్నది. రైల్వే నియమావళిలోని 14వ నియమము దానికి అనుగుణమైనది. రైల్వే ఉద్యోగుల వ్యాజ్యములును చేరియున్న తులసీరామ్ పటేల్ తీర్పున 1985లో సుప్రీంకోర్టు ఈ అధికారమును సమర్థించెను. విచారణయే లేనిచోట ప్రక్కన కూర్చుండువానికి కుర్చీయే లేదు.

అదే సంవత్సరము వేరొక ద్వారము తెరచుకొనెను. 1985 నాటి చట్టము క్రింద కేంద్ర పరిపాలనా ట్రిబ్యునలు ఏర్పడి, నవంబరు 1న పని ప్రారంభించెను. ఖరగపూరువారికి అందలి కలకత్తా బెంచి దగ్గర. అచ్చట ఉద్యోగి స్వయముగా వాదించుకొనవచ్చును. తన కిష్టమైన న్యాయవాదిని పెట్టుకొనవచ్చును. గుమాస్తాకును గజెటెడు అధికారికిని ఒకటే నియమము. 1997లో చంద్రకుమార్ తీర్పు ఆ ట్రిబ్యునలు నిర్ణయములపై హైకోర్టు పరిశీలనను పునరుద్ధరించెను. 1993లో హైదరాబాదు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను వ్యాజ్యమున వచ్చిన తీర్పు మరియొక మేలు చేసెను. విచారణాధికారి వేరొకరైనపుడు, శిక్షాధికారి నిర్ణయమునకు ముందే ఆ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఈయవలెనని అది శాసించెను. తనపై వ్రాసినదానిని చదువనిదే ఎంతటి సహాయకుడును ఏమి మాట్లాడగలడు?

అర్జీ వ్రాసిన గుమాస్తా, యూనియను నాయకుడు, తోటి ఉద్యోగి, న్యాయవాది – వీరు నలువురును ఒకే ప్రశ్నకు కాలము చెప్పిన సమాధానములు. వారిలో నేటికిని విచారణ గదిలోనికి అందరికంటె ముందు ప్రవేశింపగలవాడు తోటి ఉద్యోగియే. అతనికి ఫీజు లేదు, పేరును రాదు. అతడు ఒకేసారి చేపట్టదగు కేసుల సంఖ్యకు కూడ హద్దు కలదు. కావున ఏ ఆఫీసునందైనను అట్టివా డొకడున్న చాలదు, పదుగురు కావలెను. అభియోగ పత్రమున పేర్కొన్న దస్తావేజులను సకాలమున అడుగుట, సాక్షిని ప్రశ్నించుట, అభ్యంతరమును వ్రాతపూర్వకముగా నమోదు చేయించుట – ఈ మూడును తెలిసినవాడు తోటివాని ఇంటి దీపమును కాపాడినవాడగును. నియమావళి పుస్తకము ప్రతి ఆఫీసు బీరువాలోను కలదు. దానిని తెరచి చదివిన తెలుగు ఉద్యోగి, పూరీ గేటుకు ఏ ప్రక్కనున్నవాడైనను, బారిస్టరు పట్టము లేకయే గిరి విడిచిపోయిన పనిలో కొంత తానును చేయగలడు.